డాక్టర్ చెప్పుల అసలు కథ: నొప్పి తెలియని పాదాలు నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్ చెప్పుల గురించి. నవ్వకండి, నిజంగానే చెప్పుల గురించే. అదీ ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పుల గురించి.

మీ ఫోన్‌లో ఏ షాపింగ్ యాప్ అయినా తెరిచి "డాక్టర్ చెప్పులు" అని వెతకండి. వరసగా వందల జతలు వస్తాయి. ఆర్థో అంటారు, డయాబెటిక్ అంటారు, మధ్యలో ఎక్కడో ఒకచోట "ఎంసీఆర్" అని మూడక్షరాలు కనిపిస్తాయి. మీ అమ్మగారికో, తాతయ్యకో మడమ నొప్పి అని కొనే ఉంటారు. ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బర్. లోపల కంటికి కనిపించనంత చిన్న గాలి గదులు ఉండే రబ్బరు.

ఆ మెత్తటి సోల్‌ని వైద్యంలోకి తెచ్చింది సుఖం కోసం కాదు. కాలికి మేకు గుచ్చుకున్నా తెలియని మనుషుల కోసం. ఊరు బయటికి గెంటేసిన మనుషుల కోసం. ఆ పని జరిగింది ఏ అమెరికాలోనో కాదు, మన చిత్తూరు పక్కనే, వేలూరులో. ఆ కథేంటో చూద్దాం.

ముందు మన ఇంటి నేల

మనకి ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటు పెద్దగా లేదు. చెప్పులు గుమ్మం బయటే. పూర్వం పెద్దవాళ్లు, సన్యాసులు పావుకోళ్లు వేసుకునేవాళ్లు. అంటే చెక్క పాదుకలు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒక గుబ్బ, అంతే. దాన్ని వేళ్లతో గట్టిగా పట్టుకుని నడవాలి. తోలు చెప్పులకైతే వేలు దూర్చే ఉంగటం ఉండేది. ఇవన్నీ ముల్లు నుంచీ, ఎండ నుంచీ, బురద నుంచీ కాపాడటానికే. మెత్తదనం అన్న ఆలోచనే లేదు.

ఎందుకంటే అవసరం రాలేదు. మట్టి అలికిన నేల కాలికి కొంచెం లొంగుతుంది. ఆ తర్వాత కడప బండలు, షాబాద్ బండలు వచ్చాయి. ఆపైన మొజాయిక్, మార్బుల్, ఇప్పుడు టైల్స్. నేల గట్టిపడుతూ వచ్చింది, పాదం మాత్రం అదే పాదం. పొద్దున్నే లేచి వంటింట్లో మూడు గంటలు టైల్స్ మీద నిలబడే మనిషి మడమని ఒకసారి ఊహించుకోండి.

ఇక హవాయి చెప్పులు. వీటి మూలం జపాన్ వాళ్ల గడ్డి చెప్పు, పేరు జోరి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే ఆకారం రబ్బరులో తయారై ప్రపంచమంతా పాకింది. బ్రెజిల్‌లో 1962లో మొదలైన హవాయియానాస్ చెప్పుల అట్ట మీద ఇప్పటికీ బియ్యపు గింజల్లాంటి అచ్చు ఉంటుంది, ఆ జోరి గుర్తుగా. హవాయి చెప్పు అట్ట కూడా గాలి గదుల రబ్బరే. కానీ కాస్త గట్టి రకం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

వేలూరు ఆసుపత్రి, పెద్దరోగం

పాల్ బ్రాండ్ అని ఒక సర్జన్. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో, మిషనరీ తల్లిదండ్రులకి పుట్టారు. ఇంగ్లండ్‌లో చదువుకుని 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. మనవాళ్లు "వేలూరు ఆసుపత్రి" అంటారే, కాట్పాడిలో రైలు దిగి వెళ్తారే, అదే.

ఆ రోజుల్లో కుష్టు వ్యాధి పేరు ఎత్తడానికే జనం భయపడేవాళ్లు. మన ఊళ్లలో "పెద్దరోగం" అనేవాళ్లు. ఆ రోగానికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లోనే గుర్తించారు. అయినా అందరి నమ్మకం ఒకటే: ఈ రోగం వస్తే మాంసం దానంతట అదే కుళ్లి వేళ్లు ఊడిపోతాయి, పాదం పుండ్లు పడుతుంది, వైద్యం చేసినా మానదు.

బ్రాండ్‌గారు, ఆయనతో పనిచేసినవాళ్లు చూసింది వేరు. క్రిమి దెబ్బతీసేది ముఖ్యంగా నరాల్ని. నరం పోతే స్పర్శ పోతుంది, స్పర్శ పోతే నొప్పి పోతుంది. నొప్పి లేని మనిషి కాలికి రాయి గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటాడు. పుండు ఉన్నా దాని మీదే బరువు వేస్తాడు. పాదాన్ని నాశనం చేసేది ఆ నడకే.

దీనికి రుజువు? పుండు పడిన పాదానికి ప్లాస్టర్ కట్టు వేశారు. ఆ కట్టు లోపల, ఒత్తిడి పుండు మీద పడకుండా చేస్తే, అదే "మానని పుండు" వారాల్లో మానింది. అంటే ఆ మాంసానికి మానే శక్తి ఉంది, దానికి విశ్రాంతే దొరకడం లేదు. కానీ కట్టు తీసేశాక మళ్లీ ఉత్త కాళ్లతోనో, గట్టి చెప్పులతోనో నడిస్తే పుండు తిరిగొచ్చేది. డాక్టర్ల ముందున్న ప్రశ్న మారిపోయింది. "ఏ మందు వేయాలి?" కాదు, "ఏ చెప్పు వేయాలి?"

లండన్‌లో ఒక రాత్రి

ఇక్కడ బ్రాండ్‌గారే తర్వాత రాసుకున్న ఒక సంగతి చెప్పాలి. 1950ల మొదట్లో ఆయన అమెరికా వెళ్లి, ఓడలో ఇంగ్లండ్ చేరి, రైల్లో లండన్ వచ్చారు. రాత్రి మేజోళ్లు విప్పుతుంటే ఒక మడమలో స్పర్శ లేదని అనిపించింది. పిన్నీసుతో గుచ్చి చూసుకున్నారు. నొప్పి లేదు. ఇంకా లోతుగా గుచ్చారు. రక్తం వచ్చింది గానీ నొప్పి రాలేదు.

ఆ రాత్రంతా ఆయనకి నిద్ర లేదు. రోజూ రోగుల మధ్య తిరిగే డాక్టర్ కదా. రోగం నాకూ వచ్చేసిందా, భార్యాపిల్లలకి దూరంగా ఉండాలా అని ఒకటే ఆలోచన. తెల్లారాక మళ్లీ గుచ్చి చూసుకున్నారు. ఈసారి అమ్మో అని అరిచారు! రైల్లో కదలకుండా కూర్చోవడం వల్ల ఒక నరం నొక్కుకుని మొద్దుబారింది, అంతే. నొప్పి తెలిసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నారట.

మనకి నొప్పి శత్రువులా కనిపిస్తుంది. నిజానికి మనం ఒకేచోట నిలబడినప్పుడు తెలియకుండానే బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మారుస్తాం. చాలా దూరం నడిస్తే నడక తీరే కాస్త మారిపోతుంది. ఇదంతా చేయించేది నొప్పి, దానికి ముందు వచ్చే చిన్న అసౌకర్యం. అది లేని పాదానికి ఆ పని ఎవరో ఒకరు చేసిపెట్టాలి. అందులో కొంత భాగం చెప్పు చేయాలి.

చుట్టబట్ట లెక్క

మరి చెప్పు ఆ పని ఎలా చేస్తుంది? తలమీద నీళ్ల బిందె మోసేవాళ్లని చూశారు కదా. బిందె కింద గుడ్డని గుండ్రంగా చుట్టి పెట్టుకుంటారు, చుట్టబట్ట అంటారు. అది పెట్టుకుంటే బిందె బరువు తగ్గదు. కానీ ఆ బరువు నెత్తిమీద ఒక్క చోట కాకుండా చుట్టూ పంచుకుని పడుతుంది. మంచి సోల్ చేసేది సరిగ్గా అదే. మనం నడిచేటప్పుడు బరువంతా ముఖ్యంగా మడమ మీదా, వేళ్ల మొదళ్ల దగ్గరి ఎముకల మీదా పడుతుంది. మెత్తటి అట్ట అక్కడ కొంచెం దిగి, పాదం మిగతా భాగాన్ని కూడా తాకి, బరువు పంచుతుంది.

అయితే ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదా? కాదు. పాత బూరుగుదూది దిండు గుర్తుందా? తల పెట్టగానే దిగిపోయి, కింద మంచం పట్టె తగులుతుంది. మామూలు స్పాంజ్ కూడా అంతే. దాని గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. కాలు వేస్తే గాలంతా పోయి అట్టముక్కలా అయిపోతుంది.

ఎంసీఆర్‌లో గదులు మూసి ఉంటాయి. రబ్బరులో ఒక రసాయనం కలిపి వేడి చేస్తే అది నైట్రోజన్ లాంటి వాయువుని వదులుతుంది. ఆ బుడగలు రబ్బరులోనే బందీ అయిపోతాయి. కాలు వేస్తే నొక్కుకుంటాయి, తీస్తే మళ్లీ లేస్తాయి. నీళ్లు పీల్చవు. హవాయి చెప్పు కుటుంబానికి చెందిన ఈ రబ్బరునే ఇంకా మెత్తగా చేయించి, స్పర్శ లేని పాదాలకి సరిపడే స్థాయికి తెచ్చారు. రబ్బరు గట్టిదనం కొలవడానికి షోర్ అని ఒక స్కేల్ ఉంది. కారు టైరు అందులో 60, 70 దగ్గర ఉంటుంది. పాదానికి తగిలే ఎంసీఆర్ సుమారు 15 ఉండాలని స్థిరపడింది.

కానీ అంత మెత్తటి దాంట్లో తుమ్మముల్లు తేలిగ్గా దిగుతుంది. అందుకే కింద గట్టి రబ్బరు పొర. కొన్నిచోట్ల పాత టైరు రబ్బరే వాడారు. పైన మెత్తన, కింద గట్టి. ఇప్పుడు మీరు కొనే మంచి చెప్పు ఏదైనా ఈ రెండు పొరల సూత్రం మీదే ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, మేకులు వద్దు. అట్ట అరిగి మేకు పైకి లేస్తే స్పర్శ లేని కాలికి తెలియదు, అందుకే జిగురు, కుట్టు మాత్రమే. రెండోది, మడమ వెనక పట్టీ. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు. హవాయి చెప్పుని వేళ్లతో పట్టుకుని నడవాలి, అందుకే అది ఈ కాళ్లకి పనికిరాదని తేల్చారు.

ఈ పనికి డాక్టర్ ఒక్కడే చాలడు. 1955లో వేలూరు దగ్గర కరిగిరిలో కుష్టు వ్యాధి పరిశోధన కేంద్రం వచ్చింది. అక్కడ ఆపరేషన్ థియేటర్‌తో పాటు చెప్పుల విభాగం కూడా ఉంది. చెప్పులు కుట్టే పనిని, కుట్టేవాళ్లని సమాజం ఎంత తక్కువగా చూసిందో మనకి తెలియంది కాదు. అక్కడ ఆ పనే వైద్యం అయింది.

రోజుకు 10,000 అడుగులు

1966లో బ్రాండ్‌గారు అమెరికాలోని లూసియానా రాష్ట్రం, కార్విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఎలుకల పాదాల మీద ఒక ప్రయోగం చేశారు. పెద్ద దెబ్బ కాదు, చిన్న ఒత్తిడే. కానీ రోజుకు 10,000 సార్లు. కొద్ది రోజుల్లోనే పాదం వాచి, పుండు పడింది. చేటు చేసింది దెబ్బ తీవ్రత కాదు, విరామం లేకపోవడం. మీ ఫోన్‌లో స్టెప్ కౌంటర్ 10,000 చూపించినప్పుడు ఒకసారి ఇది గుర్తు తెచ్చుకోండి. మన పాదాలు బాగానే ఉంటాయి, ఎందుకంటే మధ్యలో నొప్పి మనల్ని ఆపుతుంది, కూర్చోబెడుతుంది.

కార్విల్‌లో ఇంకో సంగతి బయటపడింది. షుగర్ ఎక్కువకాలం ఉంటే కూడా పాదాల నరాలు దెబ్బతింటాయి. అదే స్పర్శ లేని పాదం, అదే పుండు. వేలూరులో నేర్చుకున్న పాఠం షుగర్ రోగుల పాదాలు కాపాడటానికి పనికొచ్చింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది. డాక్టర్ చెప్పులు ప్రతి షాపులో ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

అదే చెప్పు, రెండు పేర్లు

ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ముక్క ఇది. కుష్టు రోగులకి ఆసుపత్రుల్లో ఇచ్చిన ఎంసీఆర్ చెప్పుల్ని చాలామంది వేసుకోలేదు. కారణం? ఆ చెప్పులు చూస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోయేది, వీళ్లకి ఆ రోగం అని. టీ కొట్టు దగ్గర గ్లాసు ఇవ్వరు, బస్సులో పక్కన కూర్చోరు. కాలు కాపాడే చెప్పే పరువు తీసే గుర్తు అయింది. మామూలు చెప్పుల్లా కనిపించేలా డిజైన్ మార్చడానికి తర్వాత ప్రత్యేకంగా కష్టపడాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే రబ్బరుకి రంగులేసి, "డాక్టర్" అని పేరు పెడితే డబ్బులిచ్చి మరీ కొంటున్నాం. చెప్పు మారలేదు, చూసే కన్ను మారింది. కుష్టుకి ఇప్పుడు ఉచితంగా మందులున్నాయి, పూర్తిగా నయమవుతుంది. కానీ ఆ మాట వినగానే ముఖం తిప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

కొనే ముందు

ఇంటికి చెప్పులు కొంటుంటే, అట్టని బొటనవేలితో నొక్కండి. అస్సలు దిగకపోతే మడమకి లాభం లేదు. పూర్తిగా దిగిపోయి కింది పొర తగిలితే అదీ లాభం లేదు. సగం దిగి, వెంటనే పైకి లేవాలి. మడమ దగ్గర కొంచెం గుంటలా ఉంటే మంచిది. మన మడమలో పుట్టుకతోనే ఒక కొవ్వు మెత్త ఉంటుంది, వయసుతో పల్చబడుతుంది. ఆ గుంట దాన్ని పక్కలకి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆరు నెలలు వాడాక మళ్లీ నొక్కి చూడండి, లేవకపోతే ఆ చెప్పు పని అయిపోయినట్టే.

ఇంట్లో ఎవరికైనా ఏళ్ల తరబడి షుగర్ ఉంటే, చెప్పు జారిపోయినా తెలియడం లేదంటే, అది ఆన్‌లైన్‌లో కొనే చెప్పుతో తీరే పని కాదు. డాక్టర్‌కి చూపించండి. రోజూ రాత్రి పడుకునే ముందు వాళ్ల అరికాళ్లు మీరే ఒకసారి చూడండి. ఎర్రగా ఉందా, వేడిగా ఉందా, పగిలిందా అని. నొప్పి చెప్పలేని పాదానికి ఇంట్లో ఒక కన్ను కావాలి. ఫోన్ టార్చ్ ఉంది కదా, రెండు నిమిషాల పని.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.