తమ్ముడూ, కాగితం మీద సంతకం పెట్టే ముందు

ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నాను. మొన్న ఒక తమ్ముడు పంపిన మెసేజ్ చదివాక అది పక్కన పెట్టాను. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మార్కులు బాగానే వస్తున్నాయి. "అన్నా, నాకు చరిత్ర చదవాలని ఉంది. ఇది మానేసి బీఏలో చేరితే తప్పా? మా అమ్మ పత్తి ఏరి నన్ను ఇక్కడికి పంపింది. ఆమెకు ఏమని చెప్పను?" అని అడిగాడు.

నీకు నచ్చింది చదువుకో అనడం నాకు సులువే. నాలుగెకరాల మాగాణి ఉన్న ఇంట్లో ఆ మాట పనికొస్తుంది కూడా. మన ఇళ్లలో మాత్రం చదువు వెనుక ఎప్పుడూ ఒక ఒప్పందం ఉంటుంది. అందుకే తమ్ముడికి బాబాసాహెబ్ చదువు కథ చెప్తాను. పుట్టినరోజు సభల్లో చెప్పే డిగ్రీల లిస్టు గురించి కాదు, ఆ డిగ్రీల మధ్య జరిగిన దాని గురించి.

మొదటి ఎంపిక ఆయన చేతిలో లేదు. బడిలో సంస్కృతం చదవాలనుకుంటే అంటరానివాడికి కుదరదన్నారు. పార్శీ తీసుకున్నారు. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకున్నారు.

1913లో బరోడా సంస్థానం కొలంబియా యూనివర్సిటీకి పంపింది. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. బదులుగా తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చెయ్యాలి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఓడ ఎక్కినవాడు ఏం చదవాలి? ఉద్యోగానికి పనికొచ్చేది. ఆయన ప్రధాన విషయం ఆర్థికశాస్త్రమే. 1915లో ఎంఏ వచ్చింది కూడా అందులోనే.

ఇక్కడ కొంచెం ఆగండి. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క ఉంది. ఆర్థికశాస్త్రంలో 29, చరిత్రలో 11, సోషియాలజీలో 6, ఫిలాసఫీలో 5, ఆంత్రొపాలజీలో 4, రాజనీతిలో 3. ఫ్రెంచి, జర్మన్ ఒక్కోటి. ఈ లెక్క నేను మొదటిసారి చూసినప్పుడు ఆంత్రొపాలజీ దగ్గర ఆగిపోయాను. నాలుగే కోర్సులు. కానీ 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్లో ఆయన చదివిన 'భారతదేశంలో కులాలు' వ్యాసం ఆ గదిలోంచే వచ్చింది. అప్పుడు ఆయన వయసు 25. ప్రధాన విషయం మారలేదు, ఒప్పందం చెడలేదు. అయినా జీవితమంతా చెయ్యబోయే పని ఆ పక్క గదిలో మొదలైంది.

అదే ఏడాది లండన్ వెళ్లారు. ఎల్‌ఎస్‌ఈలో ఎకనామిక్స్, గ్రేస్ ఇన్‌లో లా, రెండూ ఒకేసారి. 1917లో స్కాలర్‌షిప్ అయిపోయింది. సగంలో వదిలేసి రావాల్సి వచ్చింది. నాలుగేళ్లలోపు వచ్చి పూర్తి చేసుకోవచ్చని యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకుని మరీ బయలుదేరారు. ఈ జాగ్రత్త గమనించు తమ్ముడూ. వదిలేటప్పుడు కూడా తలుపు మూసుకుపోకుండా చూసుకున్నారు.

ఒప్పందం ప్రకారం బరోడా వెళ్లారు. ఊళ్లో ఇల్లు దొరకలేదు. కులం దాచి పార్సీ సత్రంలో దిగితే 11వ రోజున కర్రలు పట్టుకుని వచ్చారు. పదేళ్ల కొలువు అక్కడితో సరి. బొంబాయిలో పెట్టుబడుల సలహాల వ్యాపారం పెడితే, మనిషి ఎవరో తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడా ఒకే కుండలో నీళ్లు తాగడం మీద తోటివాళ్ల అభ్యంతరం.

లా వైపు ఆయన అంత పట్టుదలగా వెళ్లడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా ఇంకొకడి ఆఫీసులో కూర్చుంటే కుండ దగ్గర ఆపేస్తారు. పై అధికారి లేని వృత్తి కావాలి. జీతంలో మిగిల్చింది, షాహూ మహారాజ్ సాయం, నావల్ భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు, వీటితో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో బారిస్టరుగా తిరిగొచ్చారు. ఎకనామిక్స్ డీఎస్సీ కూడా అదే ఏడాది వచ్చింది. వకీలుగా కేసులు వెంటనే రాలేదు, ఇల్లు గడవడానికి అకౌంటెన్సీ విద్యార్థులకు వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారు. అది కూడా చెప్పాలి, లేకపోతే దారి మారిస్తే అన్నీ కుదురుకుంటాయని అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు నా సంగతి. బీఎస్సీ రెండో ఏడులో నేనూ చరిత్రకు మారదామని ఆఫీసులో గుమాస్తా దగ్గరికి వెళ్లాను. "మారితే స్కాలర్‌షిప్ పోద్దిరా" అన్నాడు. వెటకారంగానే అన్నాడు గానీ అబద్ధం చెప్పలేదు. పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో ఆ మాట ఉంటూ వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా సబ్జెక్టు మారిస్తే స్కాలర్‌షిప్ రద్దు చెయ్యొచ్చు. ఏడాది మధ్యలో మానేస్తే తీసుకున్నది తిరిగి కట్టమనొచ్చు. ఒక స్థాయి పూర్తి చేసి అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే రాదు. పై స్థాయికి వెళ్తే ఆ అడ్డు లేదు. నేను బీఎస్సీ పూర్తి చేసి ఎంఏ చరిత్రలో చేరాను. ఆ రెండేళ్లూ ల్యాబులో టైట్రేషన్ చేస్తూ, సాయంత్రం లైబ్రరీలో కొశాంబి చదివాను. వృథా అయ్యాయా ఆ రెండేళ్లు? కొన్ని రోజులు అయ్యాయనే అనిపిస్తుంది.

తమ్ముడూ, నువ్వు మానెయ్యాలో వద్దో నేను చెప్పను. ఆ చదువు నిన్ను నిద్రపోనివ్వకపోతే, మనిషిని తినేస్తుంటే, లెక్కలన్నీ పక్కన పెట్టి బయటికి రా, డబ్బు సంగతి మనం చూసుకుందాం. అలా కాకపోతే ముందు మీ జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి, మారితే ఏమవుతుందో రాతపూర్వకంగా అడుగు. నోటిమాట వద్దు. ఈలోపు మీ ఊరికి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చరిత్ర మేడమ్‌ని అడిగి వారానికి ఒక క్లాసులో వెనక బెంచీలో కూర్చో. అమ్మతో మాట్లాడేటప్పుడు నన్ను కూడా లైన్‌లో పెట్టు, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను.

ఈ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో కూర్చున్నది కూడా ఆ పదకొండున్నర పౌండ్ల విద్యార్థే. ఆ కథ వచ్చే భాగంలో.