విశాఖ తీరం: ఆజ్ఞ, ఆహ్వానం

సైన్యం ఓడ ఎక్కడానికి ఎవరి సమ్మతి ఆధారమన్న ప్రశ్నకు విశాఖపట్నం చరిత్రలో రెండు భిన్న సందర్భాలు కనిపిస్తాయి. 1780 అక్టోబరు 3న, హైదరలీతో యుద్ధానికై ఓడపై మద్రాసుకు తరలవలసిందిగా ఈస్టిండియా కంపెనీ జారీచేసిన ఆజ్ఞను ఇక్కడి సిపాయిలు ధిక్కరించి, తమ ఆంగ్లేయ అధికారులపై తిరగబడ్డారు. 1995లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయిలాండ్ నౌకాదళాలతో భారతదేశం అండమాన్‌లో ప్రారంభించిన ‘మిలన్’ సంయుక్త విన్యాసాలు 2022లో ఇదే తీరంలో జరిగాయి. వీటిలో సార్వభౌమ దేశాలు ఆహ్వానంపై, స్వీయ సమ్మతితో పాల్గొంటాయి. నేడు రాజ్యాలు వ్యక్తంచేసే ఈ సమ్మతిని నాడు సిపాయిలు తమ హక్కుగా భావించారు. కావున విశాఖ నౌకాచరిత్ర రచనలో విన్యాసాల వైభవంతోపాటు ఆ నిరాకరణకూ స్థానం కల్పించవలసి ఉంది.