గుడిచెట్టు: ఇథియోపియా చర్చి అడవుల కథ

1975లో ఇథియోపియా సైనిక ప్రభుత్వం పల్లె భూములన్నిటినీ జాతీయం చేసింది. రాజుల కాలం నుంచి ఆర్థడాక్స్ చర్చి అనుభవిస్తూ వచ్చిన మాన్యాలు ఒక్క చట్టంతో పోయాయి. శిస్తు రాదు, కౌలు రాదు. పల్లెల్లో చర్చికి ప్రధానంగా మిగిలింది ఆరాధనాలయం నిలిచిన చోటు, దాన్ని చుట్టుకున్న చెట్లు. ఇవాళ ఉత్తర ఇథియోపియా పీఠభూమి మీద పాత అడవి చూడాలంటే చాలాచోట్ల ఆ చెట్ల దగ్గరికే వెళ్లాలి.

ఆ దేశంలో క్రైస్తవం చాలా పాతది. నాలుగో శతాబ్దంలో అక్సుం రాజు ఎజానా బాప్తిస్మం పొందాడు. ఫ్రుమెంటియస్‌ను అక్కడికి బిషప్పుగా పంపింది అలెగ్జాండ్రియాకు చెందిన అతనేసియస్. పీఠభూమి పల్లెల్లో చర్చి ఎక్కువగా గుండ్రంగా ఉంటుంది. పాటలు పాడే వెలుపలి వలయం, దాని లోపల సంస్కారాలు అందుకునే వలయం, నట్టనడుమ గురువులు మాత్రమే అడుగుపెట్టే అతిపరిశుద్ధ స్థలం. మోషే నిబంధన మందసానికి ప్రతిరూపమైన తాబోత్ అక్కడే ఉంటుంది. ఆ పవిత్రత గోడ దగ్గర ఆగిపోదు, చుట్టూ ఉన్న చెట్ల దాకా వ్యాపిస్తుంది. ఆ తోపును ఏదెను తోటతో పోల్చి చెప్పే గురువులున్నారు. తోటను సాగుచేసి కాపాడమని దేవుడు ఆదాముకు అప్పగించిన పని వాళ్లకు పుస్తకంలోని మాట కాదు, రోజూ చేయాల్సిన కాపలా.

ఆ నీడలో ఊరి జీవితం చాలా భాగం గడుస్తుంది. చనిపోయినవాళ్లను పాతిపెట్టేది అక్కడే. వేదపాఠం నేర్చుకునే పిల్లలు చిన్న గుడిసెలు వేసుకుని ఉండేదీ అక్కడే. కొన్నిచోట్ల జబ్బు నయమవుతుందని నమ్మే పవిత్ర జలపు ఊట కూడా ఆ చెట్ల మధ్యే పుడుతుంది. తిద్ అనే జునిపర్, వెయ్‌రా అనే అడవి ఆలివ్, జిగ్బా అనే పోడోకార్పస్ అక్కడి పెద్ద చెట్లు. చర్చి అవసరానికి తప్ప వాటి మీద గొడ్డలి పడకూడదు. ఆ కట్టుబాటు తప్పినవాడు చట్టం కంటే ముందు ఊరికీ గురువుకూ జవాబు చెప్పుకోవాలి.

భక్తి ఒక్కటే వీటిని నిలబెట్టిందంటే అది సగం నిజమే. ఇటలీ ఆక్రమణ కాలంలో, 1938లో, విమానాల నుంచి తీసిన ఫొటోలను పరిశోధకులు ఇటీవలి ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టి చూశారు. చర్చి అడవులు చాలావరకు విస్తీర్ణం కోల్పోలేదు. కానీ వాటి అంచున ఉండే పొదలు మాయమయ్యాయి. ఒకప్పుడు పొలానికీ అడవికీ నడుమ కాస్త ఎడం ఉండేది, ఇప్పుడు నాగలి చాలు నేరుగా చెట్టు మొదటిదాకా వస్తోంది. బయట మేతకు చోటు కరువైన పశువులు నీడ కోసం, పచ్చిక కోసం లోపలికి దూరుతున్నాయి.

ఆ పశువుల వల్ల జరిగే నష్టాన్ని లెక్కగట్టి చూపించినవాడు ఆ దేశపు అటవీ శాస్త్రవేత్త అలెమయెహు వాసీ. దక్షిణ గోందర్ ప్రాంతంలో 28 చర్చి అడవుల్లో తిరిగి 168 రకాల చెట్లు, పొదలు, తీగలు నమోదు చేశాడు. అంత సంపద చూసినవాడు తృప్తిపడి ఊరుకోలేదు, నేల మీద మొలకల కోసం వెతికాడు. కంచె వేసి పశువులను ఆపిన చోట మొక్కలు లేచాయి. వేయని చోట గిట్టల కింద నలిగిపోయాయి. చెట్టును నరకకుండా ఆపిన కట్టుబాటు దాని పిల్లను కాపాడలేకపోయింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే.

తర్వాత అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ లోమన్ ఆయనతో చేయి కలిపింది. ఇద్దరూ గురువులతో కూర్చుని మాట్లాడారు, అడవి ఎలా చిక్కిపోతోందో పైనుంచి తీసిన చిత్రాలతో చూపించారు. పరిష్కారం ఊళ్లోనే దొరికింది: పొలాల్లో దున్నడానికి అడ్డుపడే రాళ్లను ఏరి తెచ్చి అడవి చుట్టూ గోడ పేర్చడం. రైతుకు చేను శుభ్రపడింది, పశువులకు దారి మూసుకుపోయింది. గోడను అడవి అంచుకు కాస్త అవతలగా కడితే కొత్త మొక్కలకు కూడా చోటు దొరికింది.

గోడ పశువులను ఆపగలదు, యూకలిప్టస్‌ను కాదు. కొత్త రాజధాని ఆడిస్ అబాబాకు వంటచెరకు చాలక, 1890లలో మెనెలిక్ చక్రవర్తి కాలంలో ఈ చెట్టు ఆ దేశానికి వచ్చింది. ఏపుగా పెరుగుతుంది, వాసాలకూ పొయ్యిలోకీ వెంటనే అమ్ముడుపోతుంది. మాన్యాలు పోయిన చర్చికి అది చేతికందే ఆదాయం, అందుకే చాలాచోట్ల పాత అడవిలోకే పాకుతోంది. పల్లె గురువులు చాలామంది పెళ్లాం పిల్లలతో బతికే చిన్న రైతులు. యూకలిప్టస్ వద్దని వాళ్లకు చెప్పేవాళ్లు ఆ డబ్బుకు బదులు మరో రాబడి దారి కూడా చూపించాలి. అది లేకుండా ఆ భారమంతా వాళ్ల భక్తి మీదే వేయడం అన్యాయం.