ఇంజను మేత



కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో కొట్టం మూలనో, చింతచెట్టు కిందనో పాత చేతి ట్రాక్టరు ఒకటి పడివుండడం మీరు చూచే వుంటారు. పవర్ టిల్లరన్నా అదే. "స్టార్టయితే అవుతుందయ్యా, నాలుగు చాళ్లు తిరిగేసరికి ఆగిపోతుంది" అంటాడు ఆసామి. వాన పడి, పదును ఆరకముందే పని ముగించవలసిన రోజున బండి ఇట్లా మొరాయిస్తే ఎంత నష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు ఇంజను విప్పబోయే ముందు, అది తాగే నూనెను చూడండి. ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

పాపఘ్ని పెన్నలో కలిసే ఈ సీమలో మన తాతలు బావినీళ్లను కపిలతో తోడేవారు. అప్పట్లో యంత్రమంటే జత ఎద్దులు, మోకు, తోలుతొండం కట్టిన బాన. చొప్ప వేసే ముందు దుమ్ము దులిపేవారు. కుడితిలో పుల్ల కనబడితే తీసి పారేసేవారు. మేత చెడితే ఎద్దు పడకేస్తుందని అందరికీ తెలుసు.

మన జిల్లా మద్రాసు రాజధానిలో వున్న రోజులవి. 1900 తరువాతి తొలి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు, బావుల మీద ఆయిలు ఇంజన్లూ పంపులూ పెట్టించే పనికి పూనుకున్నాడు. ఇంచుమించు ఆ కాలంలోనే జర్మనీ దేశస్థుడు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపించాడు. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో అటువంటి చిన్న ఇంజనొకటి దేనితో నడిచిందనుకున్నారు? మనం పండించే శెనక్కాయల నూనెతో! అట్లాగని గానుగ నూనె తెచ్చి ట్యాంకీలో పోసేరు సుమా. పచ్చినూనె చిక్కన. రోజులు గడిచేకొద్దీ ఫిల్టరునూ నాజిలునూ జిగురు పట్టిస్తుంది.

తొలినాటి డీజిలు ఇంజన్లు పెద్దవి. నూనెను లోపలికి చిమ్మడానికి వేరే గాలియంత్రం కావలసివచ్చేది. 1927లో జర్మనీలోని బాష్ కర్మాగారం డీజిలు పంపులను వరుసగా తయారు చేయసాగింది. అటువంటి పంపులతో డీజిలు ఇంజను చిన్నదై పొలందాకా రాగలిగింది. మన దేశంలో 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిలు ఇంజన్ల సంస్థ వెలసింది. 1951లో బెంగుళూరులో మైకో సంస్థ ఏర్పడి, డీజిలు పంపులు, నాజిళ్లు చేసింది. 1967లో ఆ వూళ్లోనే వి.ఎస్.టి. సంస్థ పుట్టి, జపాను మిత్సుబిషి వారి సహకారంతో పవర్ టిల్లర్లు తయారు చేసింది.

అసలు సంగతి ఇక్కడే వుంది. ఆ పంపులో కడ్డీకీ, దాని గొట్టానికీ మధ్య సందు ఎంతనుకున్నారు? ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు! మన తల వెంట్రుక మందం అటువంటివి డెబ్బై దాకా వుంటుంది. ఆ సందులో డీజిలే కందెన. దానితోపాటు నల్లరేగడి దుమ్ము చేరితే ఆకురాయిలాగా అరగదీస్తుంది. నీరు చేరితే తుప్పు. యంత్రం ఇంత సున్నితమై మన ఇంటికి వచ్చింది గాని, ఎద్దుమేత మీద వున్న శ్రద్ధ ఇంజను మేత మీదికి రాలేదు. చేతికందిన డబ్బాలో తెచ్చి, మూతలేని డ్రమ్ములోనుంచి తోడి పోశాము.

ఇక శుభ్రం చేసే క్రమం చూద్దాం. బీడీ, దీపం దూరంగా వుంచండి. ట్యాంకీలోని పాత నూనెనంతా దించివేయండి. నీళ్లు పోయకుండా, కొంచెం మంచి డీజిలుతోనే రెండుమూడు మార్లు కడగండి. అడుగు గిన్నె విప్పి మడ్డి తీయండి. గొట్టాలను వూది చూడండి. పాత ఫిల్టరు తీసి కొత్తది వేయండి. పోగులు రాలే గుడ్డ వాడవద్దు. తరువాత గాలి తీయాలి. ఫిల్టరు మీది మర వదులు చేసి, బుడగలు లేకుండా నూనె వచ్చేదాకా చూచి బిగించండి. నాజిలు చిమ్మే చోట చెయ్యి పెట్టవద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పంపును మాత్రం ఇంటివద్ద విప్పవద్దు. అది మెకానిక్కు పని.

మీది పెట్రోలు బండి అయితే మరొక మాట. మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలపడం వచ్చింది. అది తేమను పీలుస్తుంది, ట్యాంకీలోని పాత జిగురును కదిలిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. నెలల తరబడి బండి నిలిపేటట్లయితే పెట్రోలు దించివేయండి. కార్బొరేటరు జెట్టును తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. గాలితో వూదితే చాలు.

డ్రమ్ము తెచ్చిన రోజునే తోడకండి. ఒకరోజు కదపకుండా వుంచి, అడుగు వదిలి, సన్నజాలీ వున్న గరాటుతో పోసుకోండి. పని ముగిసిన సాయంత్రమే ట్యాంకీ నింపితే, రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పట్టదు.

ఇదంతా పదును వచ్చినరోజు చేసే పని కాదు, ఎండాకాలంలోనే ముగించుకోవాలి. చొప్ప దులిపి వేసిన తాతల చేతి అలవాటే ఇది. ఎద్దు స్థానంలో ఇంజను వచ్చింది, అంతే.