ఇంకొక్కరికి చోటుందా?

కారేపల్లి అంటే మా వైపు వాళ్లకు ముందు గుర్తొచ్చేది రైలు జంక్షనే. డోర్నకల్లు నుంచి వచ్చిన పట్టాలు ఇక్కడ రెండుగా చీలి ఒకటి ఇల్లెందుకు, రెండోది కొత్తగూడేనికి వెళతాయి. పట్టాలు వేసింది ముఖ్యంగా బొగ్గు కోసం. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నారు. కారేపల్లి పక్కనున్న సింగరేణి ఊరి పేరే కంపెనీకి పెట్టారు. బొగ్గు వెంట మనుషులూ ప్రయాణం కట్టారు.

1932లో నిజాం రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. తర్వాత జీపులొచ్చాయి, ఆ తర్వాత షేర్ ఆటోలు. భద్రాచలం రోడ్డు స్టేషన్లో దిగిన యాత్రికుడికి రాములవారు ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో ఉంటారు కదా! నలుగురు కలిస్తే గాని బండి కదలదు. "కాస్త జరగండమ్మా, ఇంకొక్కరికి చోటుంది" అనే మాట ఈ దారుల్లో వినని ఆడది ఉండదు. దాన్ని గొప్ప ఆదర్శమని ఎవరూ అనుకోలేదు. అవసరం, అంతే.

అవసరం తీరి సొంత కారు వచ్చాక మాత్రం మనిషికి పక్క సీటు ఖాళీగా ఉంటేనే హాయి. పొద్దున పూట హైటెక్ సిటీ వైపు చూడండి, కారుకొక్క మనిషి! అమెరికాలో ఈ జబ్బు ఎప్పుడో ముదిరింది. రెండో ప్రపంచయుద్ధంలో రబ్బరు, పెట్రోలు కరువైనప్పుడు, ఒంటరిగా కారులో వెళ్లేవాడి పక్కన హిట్లర్ కూర్చున్నట్టు బొమ్మ వేసి గోడల మీద అంటించారు. యుద్ధం అయిపోయింది, ఆ బొమ్మనూ మరిచిపోయారు.

1973లో మళ్లీ పెట్రోలు కటకట వచ్చింది. వాషింగ్టన్ పక్కన షర్లీ హైవేలో అప్పటిదాకా బస్సులకే కేటాయించిన వరసలోకి, నలుగురున్న కార్లను కూడా రానిచ్చారు. మిగతావాళ్లు ఆగి ఆగి పోతుంటే వీళ్లు జామ్మని వెళ్లిపోయేవారు. లాస్ ఏంజెలెస్‌లో 1976లో ఇలాంటిదే చేయబోతే జనం మండిపడ్డారు. కొత్త వరస వేయలేదు, అందరూ వాడుకుంటున్న దాన్నే లాక్కున్నారు మరి! 21 వారాలకే కోర్టు దాన్ని ఆపేసింది. కొత్తగా ఇస్తే సంతోషం, ఉన్నది తీసుకుంటే కోపం. మన ఇళ్లల్లో మాత్రం అంతే కాదూ?

జకార్తాలో 1992 నుంచి 2016 వరకు రద్దీ వేళల్లో కొన్ని రోడ్ల మీద కారులో ముగ్గురుండాలనే నియమం ఉండేది. దానితో మూడో మనిషిగా కూర్చోవడమే కొందరికి కూలిపని అయింది. కొందరు తల్లులు చంటిపిల్లను చంకనేసుకుని రోడ్డు పక్కన నిలబడేవారు. బిడ్డ కూడా ఒక తల కిందే లెక్క! తలలు లెక్కపెట్టే చట్టానికి బతుకులు కనబడవు.

షర్లీ హైవే మీద మాత్రం మనుషులే ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వరసలో నిలబడి, ఆగిన కారెక్కి, డబ్బివ్వకుండానే ఆఫీసుకు వెళతారు. బస్సుస్టాపులో నిలబడి బస్సెక్కని వాళ్లను డ్రైవర్లు 'చెల్లని కాసులు' అన్నారట, ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ల కట్టుబాట్లలో నాకు నచ్చింది ఒకటుంది: వరసలో ఆడమనిషిని ఒంటరిగా వదిలేసి వెళ్లకూడదు. ఏ సర్కారూ రాయని నియమం అది.

ఇది చదివితే మన ఆడవాళ్లకు వింతేమీ అనిపించదు. చీకటిపడ్డాక షేర్ ఆటో ఆగితే మనం ముందు చూసేది చార్జీ కాదు, లోపల ఇంకో ఆడమనిషి ఉందా అని. ఉంటే ధైర్యంగా ఎక్కుతాం. లేకపోతే ఫోను చూసుకుంటున్నట్టు నటించి తర్వాతి బండి కోసం నిలబడతాం.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. బస్సులు కిటకిటలాడాయి. కూలికీ, కాలేజీకీ, పుట్టింటికీ వెళ్లే చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. మరోపక్క బేరాలు పడిపోయాయని ఆటోవాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు. ఒకరికి చోటిస్తే ఇంకొకరి కడుపు మాడకుండా చూడడం పెద్దల బాధ్యత.

పదిమందీ కలిసి వెళ్లాలంటే రోడ్డు మీద గీత గీస్తే చాలదు. పక్కన కూర్చున్న మనిషి మీద నమ్మకం ఉండాలి. అది ఉన్నచోట ఇరుకు సీటు కూడా ఇరుకనిపించదు.