చేతులెవరివి? పేరెవరిది?

పద్యమో కథో అచ్చయితే కింద రాసినవాడి పేరుండాలన్నది సాహిత్యరంగంలో ఎవరూ చర్చకు పెట్టని విషయం. విజ్ఞానశాస్త్రంలో ఈ సంగతి అంత సులువుగా తేలలేదు. ప్రయోగం చేసిన చేతులు ఒకరివీ, వ్యాసం మీద పేరు మరొకరిదీగా నడిచిన చరిత్ర ఆ రంగానికుంది. అమెరికాలో నల్లజాతివారికీ, తదితర అణగారిన సమూహాలకు చెందిన విద్యార్థులకూ జీవవైద్య పరిశోధనలో శిక్షణ ఇచ్చే ప్రభుత్వ పథకాలు 1970ల్లో మొదలయ్యాయి. 2025లో వాటిలో ముఖ్యమైనవి ఆగిపోయాయి. ఈ అర్ధశతాబ్దాన్ని ప్రభుత్వ ఉదారతగా చెప్పేవాళ్లున్నారు. ప్రతిభకు జరిగిన అన్యాయంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. శ్రమకూ పేరుకూ మధ్య పెరిగిన దూరంలోంచి చూస్తే తప్ప ఆ చరిత్ర అర్థం కాదని నా వాదన. బడిలో తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ప్రయోగశాలతో పనేమిటని అడగవచ్చు. కర్తృత్వం ఎవరిదన్నది సాహిత్య విమర్శకు పాత ప్రశ్నే కదా!

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని వైద్య కళాశాలలను పరిశీలించి కార్నెగీ సంస్థ తరఫున ఒక నివేదిక ప్రకటించాడు. ప్రయోగశాల, ఆసుపత్రి, పూర్తికాలపు అధ్యాపకులు లేని కళాశాలలు కొనసాగరాదన్నాడు. శాస్త్రీయ ప్రమాణాల దృష్ట్యా ఇందులో తప్పు పట్టవలసింది తక్కువే. కాని ప్రమాణం గాలిలో నిలబడదు. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో చూస్తే ప్రమాణం వెనకనున్న సమాజం కనిపిస్తుంది. అప్పటికి నల్లజాతివారికి ఏడు వైద్య కళాశాలలుండేవి. 1923 నాటికి ఐదు మూతపడి, హోవర్డ్, మెహరీ అనే రెండే మిగిలాయి. నల్లజాతి వైద్యుడు తనవారికి ఆరోగ్య సూత్రాలు, పారిశుద్ధ్యం నేర్పితే చాలుననే ధోరణి ఆ నివేదికలోనే ఉంది. అతన్ని పరిశోధకుడిగా అది ఊహించనైనా లేదు.

ఆ సంవత్సరమే లూసియానాలో వివియన్ థామస్ పుట్టాడు. పెరిగింది నాష్‌విల్ నగరంలో. తండ్రిది వడ్రంగం, కొడుకూ అదే నేర్చాడు. చదువుకోసం కూడబెట్టిన సొమ్ము ఆర్థికమాంద్యంలో బ్యాంకుతోపాటు మునిగింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే శస్త్రవైద్యుడి ప్రయోగశాలలో చేరాడు. చేసింది పరిశోధన, జీతాల పట్టీలో ఉన్నది ఊడ్చి తుడిచే నౌకరు హోదా. 1941లో బ్లేలాక్ జాన్స్ హాప్‌కిన్స్‌కు మారితే తనూ వెళ్లాడు.

పుట్టుకతో గుండెలో లోపమున్న కొందరు పసిపిల్లలు ప్రాణవాయువు చాలక నీలిబారిపోతారు. హెలెన్ టాసిగ్ అనే పిల్లల వైద్యురాలు ఈ సమస్యను బ్లేలాక్ ముందుంచింది. ఊపిరితిత్తులకు అదనంగా రక్తం వెళ్లేలా నాళాలను ఎలా కలిపి కుట్టాలో కుక్కల మీద సుమారు 200 ప్రయోగాలు చేసి తేల్చినవాడు థామస్. కావలసిన పనిముట్లను సరిచేసుకున్నదీ అతనే. 1944 నవంబరు 29న తొలి శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ బ్లేలాక్ వెనక పీట మీద నిలబడి సలహాలు చెబుతూనే ఉన్నాడు. 1945లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వ్యాసం వెలువడింది. రచయితలు బ్లేలాక్, టాసిగ్. థామస్ పేరు అందులో ఎక్కడా లేదు.

దీన్ని బ్లేలాక్ వ్యక్తిగత దుర్మార్గంగా కుదిస్తే చరిత్ర చెయ్యిజారిపోతుంది. బుద్ధి పని ఒక జాతిదనీ, చేతిపని మరో జాతిదనీ విభజించుకున్న సమాజం పట్టా లేనివాడి ఆలోచనను ఆలోచనగా గుర్తించలేదు. పట్టా దొరికే దారిని ముందే మూసింది. జాన్స్ హాప్‌కిన్స్ నుంచి నల్లజాతి విద్యార్థులు తొలిసారి వైద్య పట్టా అందుకున్నది 1967లో! అప్పటికి ఎందరో తెల్లజాతి శస్త్రవైద్యులు థామస్ దగ్గర పని నేర్చుకుని ఆచార్యులయ్యారు. 1976లో ఆ విశ్వవిద్యాలయం అతనికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ డాక్టరేటు కూడా వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. అర్హులు దొరకలేదని వాదించేవారికి థామస్ జీవితం ఒక్కటే చాలు. అర్హుడు మూడు దశాబ్దాలుగా ఆ గదిలోనే ఉన్నాడు.

శిక్షణ పథకాలు ఈ నేపథ్యంలోంచి, పౌరహక్కుల ఉద్యమపు ఒత్తిడిలోంచి పుట్టాయి. 1972లో జాతీయ ఆరోగ్య సంస్థలు మైనారిటీ విద్యాలయాల్లో జీవవైద్య పరిశోధనకు నిధులివ్వడం మొదలుపెట్టాయి. మైనారిటీలకు పరిశోధనా వృత్తి అందించేందుకు ఏర్పడ్డ ‘మార్క్’ పథకం 1977లో డిగ్రీ విద్యార్థులకూ విస్తరించింది. ఉద్యమానికీ శిక్షణకూ ఉన్న బంధం ఫ్రీమన్ హ్రబౌస్కీ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1963లో బర్మింగ్‌హాంలో జరిగిన పిల్లల ఊరేగింపులో పాల్గొని పన్నెండేళ్లకే ఐదు రోజులు జైల్లో ఉన్నవాడతను. గణితవేత్త అయి, 1988లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖలో, మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో వారి పేరనే ఒక కార్యక్రమం ప్రారంభించాడు. తొలి జట్టు 19 మంది నల్లజాతి యువకులు.

అక్కడి పద్ధతి గమనించదగ్గది. కళాశాల తెరవకముందే వేసవిలో అందరినీ ఒకచోట చేర్చి చదివించారు. ఒంటరిగా కాక గుంపుగా చదవడం నియమం చేశారు. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగకుండా విద్యార్థులను అసలైన పరిశోధనలో దింపారు. నేను పనిచేసిన ఒక బడిలో ప్రయోగశాల తాళం తనిఖీ రోజున మాత్రమే తీసేవారు. పిల్లలు ప్రయోగాన్ని కూడా పద్యంలాగే కంఠస్థం చేసేవారు. పనిముట్టు చేతికివ్వడం ఎంత పెద్ద రాజకీయ చర్యో అది చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కార్యక్రమంలో చదివి 2008లో పట్టా తీసుకున్న కిజ్‌మెకియా కార్బెట్ 2020లో కోవిడ్ టీకా రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించింది. ఈసారి పేరు వ్యాసం మీదే ఉంది.

అంతమాత్రాన కథ సుఖాంతమని రాయలేం. 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, చదువు, శిక్షణ, ప్రచురణలు లెక్కలోకి తీసుకున్నాక కూడా నల్లజాతి పరిశోధకులకు నిధులు దొరికే అవకాశం తెల్లవారికంటే 10 శాతం పాయింట్లు తక్కువ. 2019లో మరో అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. నల్లజాతి పరిశోధకులు జనసమూహాల ఆరోగ్యానికి సంబంధించిన అంశాలను ఎక్కువగా ఎంచుకుంటారు. నిధులు తక్కువగా దొరికేది ఆ అంశాలకే. నిధుల్లోని తేడాలో ఐదోవంతుకు పైగా ఇందువల్లనే. అంటే మనిషి లోపలికి వచ్చినా అతని ప్రశ్న గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. శిక్షణ పథకాల పరిమితి ఇదే. కొందరిని ప్రయోగశాలకు చేర్చగలిగాయి గాని, ఏది పరిశోధించదగ్గదో నిర్ణయించే అధికారాన్ని కదిలించలేకపోయాయి.

ఆ కొద్దిపాటిదీ నిలవలేదు. ఒక జాతివారికే కేటాయించిన విద్యార్థివేతనం చెల్లదని మేరీలాండ్‌కు సంబంధించిన వేరొక కేసులో 1994లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చాక, మేయర్‌హాఫ్ కార్యక్రమం 1996లో అన్ని జాతులవారికీ తలుపు తెరిచింది. 2025లో జాతీయ ఆరోగ్య సంస్థలు ‘మార్క్’తో సహా పలు శిక్షణ పథకాలకు స్వస్తి చెప్పాయి.

‘ప్రతిభ’ అనే మాట మనకూ కొత్త కాదు. దళిత సాహిత్యం నిలదీసేదాకా మన విమర్శ తన కొలబద్ద ఎవరింట్లో తయారైందో అడగలేదు. అమెరికా ప్రయోగశాల చరిత్రను మనం చదవవలసింది ఈ ఎరుకతోనే. కొలబద్ద పట్టుకున్నవాడు తటస్థుడని నమ్మినంతకాలం, ఒక చేతిపనివాడి ఆలోచన మరొకరి పేరుతో అచ్చవుతూనే ఉంటుంది. శిక్షణ ఇవ్వడమంటే చాలాకాలంగా ఎగవేసిన బాకీలో మొదటి వాయిదా చెల్లించడం. వాయిదా ఆపేసినంతలో బాకీ తీరిపోదు. ఆ లెక్క రాసిపెట్టవలసిన పని రచయితలదీ, రేపు పరిశోధనకు వెళ్లబోయే సాహిత్య విద్యార్థులదీ.