తెప్ప మీది చద్దికుండ

పూరీ క్షేత్రమునకు పోయిన మనవారు జగన్నాథుని దర్శించి, కొనతేలిన టోపీ ధరించిన నోలియా చేయి పట్టుకొని సముద్రస్నానము చేసి తిరిగి వత్తురు. ఆ నోలియా ఇంట మాటలాడునది తెలుగే యని యెందరికి తెలియును? పూరీలోని పెంఠకటాలోను, గోపాలపురము వంటి తావులలోను నివసించు ఈ వాడబలిజ, జాలరి కుటుంబముల పూర్వులు దక్షిణపు తెలుగు తీరమునుండి చేపల ఋతువు ననుసరించి వచ్చి, ఇసుకపై గుడిసెలు వేసికొని, క్రమముగా నిలిచిపోయినవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు గంజాము తీరపు తెలుగువారు పెక్కుమంది కదలకయే మరియొక రాష్ట్రమువారైరి.

వారు వెంట తెచ్చినది తెప్ప. దీనిని బీదవాని పడవ యని కొందరు చులకన చేయుదురు, మేము ఒప్పుకొనము. ఈ తీరమున విరిగిపడు కెరటముల వరుస దాటినగాని వేట లేదు. లోతైన పడవలో అల పడినచో నీరు నిండును. తెప్పలో నీరు నిలుచుటకు చోటే లేదు, సందులలో వచ్చినది సందులలోనే పోవును. తేలికకఱ్ఱ దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టుదురు. ఒడ్డు చేరగానే కట్లు విప్పి, భుజములపై మోసి, ఇసుకపై ఆరవేయుదురు. నీరు పీల్చిన దుంగ బరువెక్కి సరిగా తేలదు. విలియం డాంపియరను ఆంగ్ల నావికుడు 1697లో ప్రకటించిన యాత్రాగ్రంథమున కోరమండల తీరపు ఇట్టి తెప్పలను వర్ణించుచు, నడుపువాని కాళ్ళు ఎల్లప్పుడు నీటిలోనే యుండునని చెప్పెను.

కాళ్ళు నీటిలో నున్నచోట పొయ్యి యెక్కడిది? కావున వంట ముందురాత్రి ఇంటనే ముగియును. వండిన అన్నములో నీరు పోసి యుంచినచో తెల్లవారుసరికి పులియును. అందులో ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఉన్ననాడు కాల్చిన ఎండుచేప. నిప్పుతో పని లేదు. ఆకలికి కూడు, దాహమునకు తరవాణి ఒకే కుండలో నుండును. మూతి బట్టతో బిగించి తెప్పకు కట్టినచో అల కొట్టినను పోదు. వల, త్రాడు, తెడ్డు, కుండ: ఇంతకు మించిన సామాను వలదు. వేటకు పోవువాని కడుపు సంగతి చూచునది ఇల్లాలే గనుక వేటలో ఆమె పాలును కలదు. ఆ మాట వ్రాసినవారు అరుదు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమము 1979లో మొదలై, ఇసుకతీరమునకు తగిన నూతన నావలను రూపొందించుటకు యత్నించెను. పిదప ఫైబరు నావలు, ఇంజనులు వ్యాపించి కఱ్ఱతెప్పలు అరుదైనవి. అయినను మన జాలరులు ఆ ఫైబరు నావను గూడ తెప్ప యనియే పిలుచుచున్నారు! వస్తువు పోయినను పేరు నిలిచినది. దుంగలు కట్టు విద్యకు మాత్రము అట్టి భాగ్యము లేదు. ఏ దుంగ నడుమ నుండవలెను, ఏ ముడి ముందు వేయవలెను అనునవి పుస్తకములలో కంటె వృద్ధుల చేతులలోనే యెక్కువగా నున్నవి. ఒడియా బడిలో చదువు మనుమలు వారియొద్ద కూర్చుండి, వారి తెలుగులోనే వానిని వ్రాసికొనునట్లు ఆయా ఊళ్ళ తెలుగు సంఘములు పూనుకొనవలెనని మా కోరిక.